ఏ పిచ్చిమొక్కలు?

తమ్ముడూ,

నీ కథ చదివాను. ఆ తల్లి మెడా, మోచేతి మడతలూ గోక్కుంటూ పొయ్యి ముందు కూర్చున్న చోట ఆగిపోయాను. అలా రాసినవాడివి, అంతకుముందు పేజీలో "పొలాన్ని పిచ్చిమొక్కలు ఆక్రమించాయి" అని ఎలా రాశావయ్యా? కోపం వచ్చింది, దాచుకోను.

ఏ మొక్కలు? క్యారెట్ ఆకులా చీలిన ఆకులు, నలుసంత తెల్లపూలు అని నువ్వే రాశావు. అది వయ్యారిభామ. ఆ తల్లి దురద దానివల్లే. బట్ట కప్పని చోటల్లా, కనురెప్పల మీద కూడా లేస్తుంది. ఎండిన మొక్క పొడి గాలికి వచ్చి తగిలినా చాలు. పేరు రాయకపోబట్టి నీ కథలో పొలం ఒక దిక్కు, తల్లి ఒక దిక్కు అయిపోయారు. డాక్టరిచ్చిన ఆయింట్‌మెంట్ ఎందుకు పనిచేయలేదో చదివేవాడికి అంతుపట్టలేదు.

"ఆక్రమించాయి" పేపరు మాట. చేలో నిలబడ్డ మనిషి "కమ్మేసింది" అంటాడు. మబ్బుకీ అదే మాట, కలుపుకీ అదే మాట.

పేరు రాస్తే ఎవరు తెచ్చిపెట్టారో కూడా బయటపడుతుంది. 1950ల్లో పుణెలో వయ్యారిభామని గుర్తించారు. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం కింద దిగిన గోధుమల్లో గింజలు కలిసి వచ్చాయంటారు. కాంగ్రెస్ పాలనలో దిగింది కాబట్టే కాంగ్రెస్ గడ్డి అనే పేరు వచ్చిందని కొందరు, తెల్ల టోపీల్లాంటి పూలవల్ల అని కొందరు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. సర్కారు తుమ్మ సంగతీ అంతే. 1870ల్లో దొరల అటవీశాఖ కడప జిల్లా కమలాపురంలో నాటించింది. ఈరోజు చెరువు గట్లన్నీ దానివే. పేరులోనే సర్కారు ఉంది చూడు.

నా తొలి కథల్లో ఒకదాంట్లో వయ్యారిభామ అని రాస్తే, ఓ సంపాదకుడు కొట్టేసి "కలుపు మొక్కలు" అని అచ్చేశాడు. పట్నం పాఠకులకు అర్థం కాదట! పత్రిక పట్టుకెళ్లి మా మేనమామకి చదివి వినిపించాను. "ఏ కలుపురా? తుంగా, గరికా?" అన్నాడు. ఒట్టి చేతులతో వయ్యారిభామ పీకి పీకి ఒళ్లంతా దద్దుర్లు తెచ్చుకున్న మనిషాయన. ఏం చెప్పను? ఆ సంపాదకుడి మీద కోపం నాకింకా పోలేదు. ఇప్పుడేమో ప్రతి మొక్కా ఒంటరితనానికి ప్రతీక అంటున్నారు. ఆ జోలికి పోకు.

నీ కథల సంపుటి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది తిరగరాయి. వయ్యారిభామని పూత రాకముందే, చేతులకు గుడ్డ చుట్టుకుని పీకాలి. ఆ తల్లి చుట్టుకుందా? చుట్టుకోకపోతే ఎందుకు చుట్టుకోలేదు? అది రాసి పంపు.

మీ అన్నయ్య