కిరాయి బాకీతో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు

చిరంజీవికి పెద్దనాయన ఆశీస్సులు.

నాలుగు నెలల కిరాయి బాకీ ఉందని, రామగిరి ఇల్లు ఖాళీ చేసి పానగల్ వైపు చిన్న పోర్షన్‌లోకి మారుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఓనర్ ఊళ్లో లేని రోజు చూసి సామాన్లు ఎక్కించెయ్యమని ఎవడో నీకు సలహా ఇచ్చాడట. ఆ పని మాత్రం చెయ్యకు బిడ్డా. నల్లగొండ ఎంత ఊరని? గడియారం సెంటర్‌లో ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడక తప్పదు.

ముందు లెక్క రాయి. నెలకు 6,500 చొప్పున నాలుగు నెలలకు 26,000. నువ్విచ్చిన రెండు నెలల అడ్వాన్స్ 13,000 తీసేస్తే మిగిలేది 13,000. గోడలకు సున్నం వేయించడానికి అడ్వాన్స్‌లో కొంత పట్టుకుంటానని ఓనర్ అంటాడు, అందరూ అంటారు. అది ఎంతో అప్పుడే తేల్చుకో. ఫోన్‌పేలో కట్టినవి తీసి పెట్టుకో, చేతికిచ్చినవి తేదీలతో రాసుకో.

ఆ కాగితం పట్టుకొని, సామాన్లు సర్దకముందే ఆయన ఇంటికి వెళ్లు. అగ్రిమెంట్‌లో నెల నోటీసు అని ఉంటే నెల ముందు చెప్పాలి. ఏమీ రాసుకోకపోతే చట్టం ప్రకారం 15 రోజులు. కానీ చట్టం కంటే ఆషాఢం ముఖ్యం. ఆషాఢంలో ఖాళీ చేస్తే శ్రావణం దాకా ఆ ఇంట్లోకి ఎవరూ దిగరు, ఓనర్ కోపమంతా అక్కడే ఉంటుంది. అందుకే ముందే చెప్పి, నీ ఆఫీసులో ఇల్లు వెతుక్కునే వాళ్లెవరైనా ఉంటే తీసుకెళ్లి చూపించు. మా పై పోర్షన్ కిరాయికిచ్చే వాడిగా చెబుతున్నా, ఇల్లు ఖాళీగా ఉండదని తెలిస్తే బాకీ విషయంలో ఓనర్ చాలా మెత్తబడతాడు.

చేతిలో ఎంతుంటే అంత అప్పుడే ఇవ్వు. మిగతాది నెలకు రెండు వేలు కట్టగలిగితే పదిహేను వందలే ఒప్పుకో. ఒప్పుకున్నది తప్పితే ఇంకెవరూ నమ్మరు. తెల్ల కాగితం మీద మొత్తం, వాయిదా తేదీలు రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొక కాపీ ఉంచుకోండి. ప్రామిసరీ నోటు అడిగితే అందులో బాకీ అంకె రాశాకే సంతకం చెయ్యి. నూటికి రెండు రూపాయల మిత్తి అని రాయిస్తే ఒప్పుకోకు, పదమూడు వేలకు నెలకు 260 ఊరికే పోతుంది. ఖాళీ చెక్కు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకు. ఇప్పుడిది ఉత్త సివిల్ బాకీ. చెక్కు బౌన్స్ అయితే క్రిమినల్ కేసు అవుతుంది.

బాకీ కింద సామాన్లు ఆపుతానని ఆయన అంటే ఆ హక్కు ఆయనకు లేదు. రావలసిన కిరాయి కోసం మూడేళ్ల లోపు కోర్టుకు పోవచ్చు, అంతే. అయినా అక్కడ గొంతు పెంచకు. మాట తెగకపోతే ఇద్దరూ కలిసి జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. లోక్ అదాలత్‌లో రాజీ చేస్తారు, ఫీజు ఉండదు. అక్కడ ఒప్పుకున్నది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన వాయిదాలకే తల ఊపు.

చివరి రోజు కరెంటు మీటర్ రీడింగ్ ఫోటో తీసుకో. ప్రభుత్వ ఉచిత కరెంటు కింద జీరో బిల్లు వస్తుంటే గొడవే లేదు. గదులన్నీ వీడియో తీసి, తాళం ఆయన చేతికే ఇచ్చి, ఆ తేదీ కాగితం మీద రాయించుకో. తాళం నీ దగ్గర ఉన్నన్ని రోజులూ కిరాయి నడుస్తూనే ఉందంటారు. పక్కింటి వాళ్లకిచ్చి వెళ్తే ఇచ్చినట్టు కాదు.

గ్యాస్ అడ్రస్ కూడా మార్చుకో. లెక్క రాశాక నాకు ఫోటో పంపు, చూసి చెబుతా. సామాన్లకు డీసీఎం వ్యాన్ మాత్రం ఓనర్‌తో మాట్లాడాకే మాట్లాడుకో.

మీ పెద్దనాయన,
మిర్యాలగూడ