సొంతంగా రాసిన ఎస్‌ఓపీని ‘ఏఐ రాసింది’ అంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఫైనలియర్. అమెరికాలో ఎంఎస్ కోసం ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటుందో చెప్పే వ్యాసం, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) తనే రాసుకుంది. కన్సల్టెన్సీవాళ్లు ఏదో సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ‘78 శాతం ఏఐ’ అన్నారు. ఏఐ రాతను మనిషి రాతలా మార్చే ‘హ్యూమనైజర్’ సాఫ్ట్‌వేర్‌లో వేసి మార్చి ఇస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: వద్దండి. ఎవరు రాశారో ఆ డిటెక్టర్లకు (ఏఐ రాతను పడతామనే సాఫ్ట్‌వేర్లకు) తెలియదు. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చు, వాక్యాలన్నీ ఒకే తీరున ఉన్నాయా అని లెక్కగడతాయంతే. బడిలో నేర్చుకున్న కొద్దిపాటి మాటలతో పద్ధతిగా రాసే మన పిల్లల ఇంగ్లిష్ అక్కడే దొరికిపోతుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లతో పరీక్షిస్తే, సగటున సగానికి పైగా ఏఐ ఖాతాలో పడ్డాయి. అన్నీ మనుషులు రాసినవే! కచ్చితత్వం చాలడం లేదని ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే ఆ ఏడాది జులైలో ఆపేసింది.

హ్యూమనైజర్ చేసేది ప్రధానంగా మాటల మార్పిడి. ఏది సాంకేతిక పదమో, ఏది మామూలు మాటో చాలాసార్లు దానికి పట్టదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ల చలవతో ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్’ (నకిలీ స్పృహ) అయిపోయిన పరిశోధన పత్రాలు 2021లోనే బయటపడ్డాయి. పైగా అమ్మాయి సొంతంగా రాసింది, దాంట్లో వేశాక నిజంగానే యంత్రం రాత అవుతుంది.

అలాగని ఆ 78ని పూర్తిగా కొట్టిపారేయకండి. ఎస్‌ఓపీలో అరిగిపోయిన వాక్యాలున్నాయేమో చూడమనండి. ‘ఫ్రమ్ మై చైల్డ్‌హుడ్ ఐ వాజ్ ఫాసినేటెడ్ బై కంప్యూటర్స్’ లాంటివి చాట్‌జీపీటీ రాకముందు నుంచీ కన్సల్టెన్సీల ఫైళ్లలో తిరుగుతున్నాయి. పరీక్ష తేలిక: పేరు మూసేసి పేరా చదవండి. పక్క బెంచీ అమ్మాయికీ సరిపోతే తీసేయాలి. ‘డీప్ లెర్నింగ్‌తో పంట తెగుళ్ల ప్రాజెక్టు చేశాను’ అంటే ఎవరైనా రాస్తారు. ‘ఎండలో తీసిన మిరప ఆకు ఫొటోల్లో మెరుపును మోడల్ తెగులనుకుంది, మబ్బు పూట మరో 300 ఫొటోలు తీసి కలిపాం’ అని రాయాలంటే ఆ పని చేసి ఉండాలి. తన ప్రాజెక్టులో ఏది చెడిందో, ఎలా సరిచేసిందో అయిదారు వాక్యాల్లో అలా రాయమనండి.

ఈసారి గూగుల్ డాక్స్‌లో మొదటి మాట నుంచీ టైప్ చేయాలి. వేరేచోట రాసి ఒక్కసారిగా పేస్ట్ చేస్తే వెర్షన్ హిస్టరీలో (ఎప్పుడేం మార్చామో చూపే జాబితాలో) దిద్దుబాట్లేవీ కనిపించవు, తనే రాసిందనడానికి అది సాక్ష్యంగా పనికిరాదు. ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీలో ఒక్కో డ్రాఫ్టుకూ పేరు పెట్టుకోవాలి. కాగితం మీది చిత్తుప్రతి ఉంటే తేదీ వేసి ఫొటో తీసి ఉంచండి.

ఏఐ వాడకంపై అన్ని యూనివర్సిటీలదీ ఒకే మాట కాదు. కొన్ని వ్యాకరణం దిద్దుకోవడానికి ఒప్పుకుంటాయి, కొన్ని వాడలేదని హామీ అడుగుతాయి. దరఖాస్తు పెట్టే ప్రతిచోటా ఆ నిబంధన అమ్మాయే స్వయంగా చదవాలి. ఆ పోర్టల్ పాస్‌వర్డు, ‘సబ్మిట్’ బటన్ కూడా కన్సల్టెన్సీ చేతిలో కాదు, తన చేతిలోనే ఉండాలి.