ఉమ్మడి చెరువు తవ్వే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. పక్క చేల వాళ్లిద్దరితో కలిసి ఆరెకరాలూ ఒకే చేపల చెరువుగా తవ్విస్తున్నామని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. కైకలూరు పక్కన ఇరుగుపొరుగుతో కలిసి ఇరవై రెండేళ్లు చెరువు నడిపినవాణ్ని. పొక్లెయిన్ దిగకముందే నీకు ఈ మాటలు చేరాలి.

మత్స్యశాఖ అనుమతి ముగ్గురి పేర్లతోనూ తీసుకోండి. మీ భూమి కొల్లేరు అభయారణ్యం ఐదో కాంటూరుకు, అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తున గీసిన హద్దుకు, బయట ఉందని కాగితం మీద చూసుకోండి. 2006లో ప్రభుత్వం ఆ హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు అప్పులతో మిగిలినవాళ్లను నేను కళ్లారా చూశాను.

ఆ తర్వాత సర్వేయరును పిలిపించు. తవ్వాక నీ రెండున్నర ఎకరాలు ఎక్కడున్నాయో కంటికి కనిపించదు. నీ చేలో మట్టి పక్కవాళ్ల వైపు గట్టవుతుంది. సరిహద్దు రాళ్లు మట్టితో పాటే లేచిపోతాయి. గట్లకు బయట కదలని చోట గుర్తు రాళ్లు పాతించి, అక్కడి నుంచి ఒక్కొక్కరి మూలకు ఎన్ని మీటర్లో పటం మీద వేయించి, ముగ్గురూ సంతకాలు చేయండి. పాసు పుస్తకం ఉంది కదా అనుకోకు. అందులో విస్తీర్ణం ఉంటుంది, నీళ్ల కింద హద్దు ఉండదు.

వాటాలు నీటి విస్తీర్ణాన్ని బట్టి కాక, ఇచ్చిన భూమిని బట్టి కట్టండి. లారీ రావడానికి రోడ్డు వైపు గట్టు వెడల్పుగా పోస్తారు. అది ఎవరి చేలో పడితే వాళ్లు నష్టపోకూడదు. ఆ గట్టు మీద పెట్టే కొబ్బరి మొక్కల సంగతీ ఇప్పుడే రాసుకోండి. మేము రాసుకోలేదు. కాయ లేనన్నాళ్లూ మాటే రాలేదు. కాపుకు వచ్చాక, టన్నుల కొద్దీ చేపను సాఫీగా పంచుకున్నవాళ్లం కాయల దగ్గర తగువుపడి ఎనిమిది నెలలు ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. ఆ ఎనిమిది నెలల్లోనే మా పక్కాయన కూతురి పెళ్లి జరిగింది. నేను వెళ్లలేదు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

నీకు మరీ మరీ చెప్పాల్సింది రాత్రి కాపలా గురించి. ఒక శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీటిలోని పచ్చదనం ప్రాణవాయువును సరిగా తయారు చేయదు. రాత్రంతా చేపతో పాటు ఆ పచ్చదనమూ ఉన్నదాన్నే వాడుకుంటుంది, తెల్లవారే ముందు నీటిలో అది అడుగంటిపోతుంది. ఇది ముగ్గురికీ తెలుసు. ఆ రాత్రి పక్కాయన వెళతాడని నేను, నేను వెళతానని ఆయన, మేమిద్దరం ఉన్నాం కదా అని మూడో ఆయన నిద్రపోయాం. నాలుగున్నరకు మెలకువ వచ్చి టార్చి పట్టుకుని వెళితే, నీటి మీద సన్నగా చినుకులు పడుతున్నట్టు కనిపించింది. అరచేయి చాపాను, వాన లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే అన్నీ నోళ్లు. గుండ్రంగా తెరుచుకుని, మూసుకుని, చెరువంతా నోళ్లే. పరుగెత్తి మోటారు వేశాను. తెల్లవారేసరికి ఉత్తరం గట్టు పొడవునా పెద్ద బొచ్చె చేపలు తెల్లని పొట్టలతో తేలాయి.

అందులో ఎవరి తప్పూ లేదు. ఈ రాత్రి ఎవరిది అని పేరు రాసి లేకపోవడమే తప్పు. అందుకని షెడ్డులో ఒక క్యాలెండరు కట్టి, ప్రతి రాత్రికీ ఒక పేరు రాయండి. ఆ పేరున్న మనిషి రాలేకపోతే బదులు మనిషిని పెట్టాల్సింది ఆయనే. ముసురు పట్టిన రోజు మేత ఆపేసే అధికారం కూడా ఆయనదే, మిగిలిన ఇద్దరినీ అడగనక్కరలేదు.

మేత లెక్క పుస్తకం ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు, షెడ్డులోనే ఉండాలి. తవుడు, నూనె తీసిన చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కట్టాక, సాయంత్రం ఎన్ని సంచులు ఖాళీగా వచ్చాయో, ఎన్నింట్లో మేత మిగిలిందో అందులో రాయండి. మేత మిగిలిందంటే చేపకు ఏదో తేడా చేసింది. లెక్క ఒక్కరి దగ్గరే ఉంటే మిగతా ఇద్దరికీ ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, తర్వాత అనుమానమూ పుడుతుంది.

చేపల పట్టుబడి రోజు కాటా దగ్గర ముగ్గురూ నిలబడండి. చుట్టాలొచ్చారని మధ్యలో కూరకు పట్టుకునే చేపను మాత్రం లెక్కలోకి తేవద్దు. నెలకు ఇంటికి ఇన్నని అనుకుని వదిలేయండి. శీలావతి ముక్క దగ్గర లెక్కలు కట్టుకుంటే పొరుగుతనం మిగలదు.

ఇక కాగితం. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను ఎవరైనా బయటివాళ్లకు అమ్ముకోవచ్చు, చట్టం అడ్డుపడదు. కాబట్టి అమ్మేవాళ్లు ముందు మిగిలిన ఇద్దరినీ అడగాలని, ధర ఎలా కట్టాలో, ఎన్ని రోజుల్లో డబ్బు ఇవ్వాలో రాయండి. ఎవరైనా కాలం చేస్తే, చెరువులో ఉన్న చేప పట్టుబడి అయ్యేదాకా వారసులు పంపకం అడగకూడదనీ రాయండి. సగం పెరిగిన చేపను అమ్ముకుంటే అందరికీ నష్టమే. చెరువును ఏడాది దాటి లీజుకిస్తే రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితం నమ్ముకోవద్దు.

నీ గట్టు మీదుగా వెనక చేలకు నడిచేవాళ్లున్నారని అక్కయ్య చెప్పింది. వాళ్లకు దారి ఉండనివ్వు. ఇరవై ఏళ్లు అడ్డులేకుండా హక్కుగా నడిచిన దారిని 1882 నాటి చట్టమే కాపాడుతుంది. పైగా రాత్రిపూట నీ చెరువు మీద ఎవరైనా వల వేస్తే ముందు కేక వేసేది వాళ్లే.

వచ్చే ఆదివారం మీరు ముగ్గురూ కూర్చుంటారన్నావు. రాసుకున్నది స్టాంపు కాగితం మీదికి ఎక్కించకముందే నాకు ఫోనులో చదివి వినిపించు. కొబ్బరి చెట్ల మాట మరిచిపోకు.

మీ మామయ్య