వయొలిన్ మీదే కూర్చుంటానన్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి వయొలిన్ మీదే కూర్చుంటానన్నావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. సంతోషం సగం, భయం సగం. మన ఇంట్లో ఇంత ధైర్యం ఎవరూ చేయలేదే.

శ్రుతి చూసుకోవడం, వరసలు మూడు కాలాల్లో వాయించడం నీకు చెప్పక్కర్లేదు. నా టెన్షన్ అంతా నువ్వు గోడకి అంటించుకున్న ఆ పది వేల గంటల లెక్క గురించే. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాళ్లు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలోది ఆ అంకె. అందరికంటే బాగా వాయించేవాళ్లు 20 ఏళ్లు వచ్చేసరికి ఒంటరిగా చేసిన సాధన సగటున అంత. అది సగటు మాత్రమే, అన్ని గంటలు నిండితే విద్వాంసులైపోతారని వాళ్లు అనలేదు.

గంటలు ఎన్ని వాయించినా తప్పుగా వాయిస్తే ఏమవుతుందో విను. మా గురువుగారి దగ్గర నాకంటే ముందు చేరిన అన్నయ్య ఒకాయన ఉండేవాడు. చెయ్యి ఎంత తేలికో! గురువుగారు పోయాక పెళ్లి కచేరీలు, గుళ్లో ఉత్సవాలు, ఒక్క ముహూర్తం ఖాళీ లేకుండా వాయించాడు. భైరవి రాగంలో స్వరాలు ఎక్కేటప్పుడు పైన ఉండే ‘ద’, అంటే చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు దాని కంటే కిందిది, శుద్ధ ధైవతం కదా, ఈయన తొందరలో దిగేటప్పుడు కూడా వేలు పైనే పెట్టడం మొదలుపెట్టాడు. పెళ్లిపందిట్లో భోజనాల హడావుడిలో ఎవరికి పట్టింది? వాయించిన ప్రతిసారీ ఆ తప్పు ఇంకాస్త గట్టిపడింది. చివరికి ఒక పెద్ద విద్వాంసురాలికి పక్కవాద్యం వాయించే అవకాశం వచ్చింది. ఆవిడ ఆలాపనలో ని ద ప అని తాపీగా దిగింది, ఈయన వెంటే దిగుతూ ధైవతం దగ్గర పక్కకి పోయాడు. ఆవిడ ఏమీ అనకుండా అదే మళ్లీ పాడింది. వేలు మళ్లీ అక్కడే పడింది. ముందు వరసలో ఉన్న నాకు ఆయన చెవులు ఎర్రబడటం కనిపించింది. తెలియక కాదమ్మా, వేలు మాట వినలేదు. ఆ తర్వాత టేప్ రికార్డర్ ముందు పెట్టుకుని, చౌకకాలంలో, అంటే బాగా మెల్లగా, స ని ద ప ఒక్కటే వాయించుకుంటూ, కొత్తగా నేర్చుకునేవాడి కంటే ఎక్కువ కష్టపడ్డాడు పాపం.

నువ్వేమో తలుపేసుకుని, ఫోన్‌లో తంబురా పెట్టుకుని వాయిస్తావు. అక్కడ నీకు తప్పు అని చెప్పేదెవరే? రోజూ రికార్డు చేసుకుని విను, ఎక్కడ జారిందో ఆ ఒక్క సంగతి పట్టుకుని కూర్చో, వారానికోసారైనా మీ టీచర్ ముందు వాయించు. కచేరీలు మానమనడం లేదు. తనియావర్తనం, అంటే మృదంగం వాళ్లు విడిగా వాయించే భాగం, అయ్యాక పాట మళ్లీ మొదలయ్యే ఎత్తుగడ సరిగ్గా అందుకోవడం, గాయకుడు అనుకోని చోట స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు అల్లుకునే స్వరాలు, మొదలుపెడితే తడబడకుండా వెంట వెళ్లడం గదిలో కూర్చుంటే రావు, వేదిక మీదే రావాలి.

ఇంకోటి, రాత్రి పన్నెండు దాకా వాయిస్తున్నావట. భుజం నొప్పెడితే ఆపెయ్, మొండితనం చేస్తే నేనొచ్చి వయొలిన్ బీరువాలో పెట్టి తాళం వేస్తాను. ఆ బెర్లిన్ పిల్లల్లో బాగా వాయించేవాళ్లు మధ్యాహ్నం కునుకు కూడా తీసేవాళ్లు, తెలుసా?

ఆదివారం భైరవి అవరోహణ, అదే దిగే వరస, వాయించి వాయిస్ మెసేజ్ పెట్టు. వర్ణం వద్దు, అవరోహణ చాలు. బాగా లేకపోతే లేదనే చెబుతాను, ఏడవకు. డబ్బుల సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను.

అత్తయ్య