ప్రెషర్ వాషర్ కొనే ముందు ఒకసారి మిద్దె ఎక్కి చూడండి

"పది వేలలో ప్రెషర్ వాషర్ కొని నెల్లూరులో ఇళ్లు కడిగే పని మొదలుపెడదామనుకుంటున్నా, ఎన్ని బార్ల మెషిన్ తీసుకోవాలి?" అని అడిగారు. నాలుగేళ్లుగా నేనూ మా బామ్మర్దీ చేస్తున్నది ఈ పనే. నీళ్లను గట్టి ధారగా కొట్టే ఈ మెషిన్‌తో పోర్టికోలు, కాంపౌండ్ గోడలు, మిద్దెలు కడుగుతాం. అందుకే గట్టిగా చెబుతున్నా, బార్ల సంగతి, అంటే నీళ్ల ఒత్తిడి లెక్క, వదిలేయండి. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసేది ఆ అంకె కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. మన ఇళ్లకు 120 బార్లు దండిగా సరిపోతాయి.

మోటారు ఇండక్షన్‌దో (బ్రష్షులు లేనిదో) కాదో అడగండి. మీరు చెప్పిన ధరలో దొరికేవి చాలావరకు కార్బన్ బ్రష్షుల మోటార్లు. వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాయి, పావుగంట నడిస్తే వేడెక్కి ఆపాల్సి వస్తుంది. సొంత కారు కడుక్కోవడానికి బాగానే ఉంటాయి, రోజుకు మూడు ఇళ్లంటే తట్టుకోవు. నేను మొదట ఏడున్నర వేలు పెట్టి అలాంటిదే కొన్నా. రెండో నెలలో, సరిగ్గా పండగ పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు కాలిపోయింది. షాపుకి తీసుకెళ్తే వారంటీ కార్డు తిప్పి చూపించాడు, ఇంటి వాడకానికి మాత్రమేనట. బిజినెస్‌కి అని చెప్పే కొన్నా కదా, ఆ ముక్క అప్పుడే చెబితే ఏం పోయేది? తర్వాత 24 వేలకు ఇండక్షన్‌ది తీసుకున్నా. మొయ్యడానికి బరువే గానీ ఇప్పటికీ అదే నడుస్తోంది.

మెషిన్ కంటే ముందు మీకు తెలియాల్సింది ఇంకొకటుంది. నెల్లూరు మూలాపేటలో నాకు జరిగింది చెబుతా.

డిసెంబరు ఆఖరు. మనకు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, అవి వెలిసేసరికి మిద్దెలు నల్లగా పాచి పట్టిపోతాయి. సంక్రాంతికి సున్నం వేయించేలోపు కడిగించుకోవాలని అందరికీ తొందర. ఒక పెద్దమ్మ పిలిచింది. పాత కాలం మద్రాసు మిద్దె. లోపల టేకు దంతెలు, పైన సున్నపు గచ్చు. నేను ఎక్కి, గన్ను మూతికి ఉన్న ఆకుపచ్చ నాజిల్ తీసేసి పసుపుది పెట్టా. ఆకుపచ్చదాంట్లో ధార 25 డిగ్రీలు విచ్చుకుంటుంది, పసుపుదాంట్లో 15, అంటే ధార ఇంకా సన్నం, దెబ్బ ఇంకా గట్టి. పాచి ఊడిపోతుంటే ఎంత ముచ్చటగా ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు. నల్లటి నేల మీద జానెడు వెడల్పున తెల్లటి దారి పడుతుంది. పెద్దమ్మ మెట్ల మీద నిలబడి, "అబ్బయ్యా, నేను కాపురానికి వచ్చినప్పుడు చూశా ఈ తెలుపు" అంది. నేను ఇంకాస్త దగ్గరగా పెట్టి కొట్టా.

తూము దగ్గరికి పోయే నీళ్లు చూసేసరికి గుండె జారిపోయింది. పాచి నీళ్లు నల్లగా ఉండాలి. అవి పాలల్లా పోతున్నాయి, అడుగున సన్నటి ఇసక దొర్లుతోంది. వంగి అరచేత్తో తడిమితే, అద్దంలా ఉండాల్సిన గచ్చు గరుగ్గా తగిలింది. పాచితో పాటు పైపొర కూడా లేచిపోయింది. ఈలోపు కిందనుంచి మా బామ్మర్ది కేక, "బావా, ఆపు, నట్టింట్లో కారుతోంది!" రెండు దంతెల సందులోంచి బియ్యం బస్తాల మీద చుక్కలు.

పెద్దమ్మ తిట్టలేదు. "మా మామగారు కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి కొట్టించిన గచ్చు ఇది" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది. సున్నం పని తెలిసిన మేస్త్రీ కోసం పది రోజులు తిరిగితే కోవూరు పక్క ఒక పెద్దాయన దొరికాడు. సిమెంటు పూసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. సున్నం మీద సిమెంటు పట్టు నిలవదు, లోపలి చెమ్మ బయటికి పోనివ్వదు అన్నాడు. అతుకులకు తొమ్మిది వేలయింది, నేనే పెట్టుకున్నా. ఇప్పుడు కూడా ఆ మిద్దె మేమే కడుగుతాం, కొబ్బరి పీచు బ్రష్షుతో, చెంబు నీళ్లతో. మెషిన్ ఆటోలోనే ఉంటుంది.

అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు రూపాయి బిళ్లతో ఒక మూల గీకి చూస్తా. పొడి రాలిందంటే మెషిన్ పెట్టను. పెచ్చులు లేచే రంగు గోడ, చెక్క తలుపులు, స్విచ్ బోర్డులు, ఏసీ బయటి పెట్టె రేకులు, వీటి జోలికి అసలు పోవద్దు. సున్నా డిగ్రీల ఎర్ర నాజిల్ డబ్బాలోంచి తీయనే తీయొద్దు. ఆ ధార చర్మాన్ని చీల్చేస్తుంది.

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి ఈ పనిలోకి దిగేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాళ్లది కాంక్రీటు పోసిన దారి, కుళాయి తిప్పితే ఆగని నీళ్లు. మన దగ్గర నీళ్ల లెక్క ముందు వేసుకోవాలి. నిమిషానికి 7 లీటర్లు పోసే మెషిన్ రెండు గంటలు ఆగకుండా కొడితే 840 లీటర్లు, ఇంచుమించు ఒక ట్యాంకు. నెల్లూరులో ఇంటి బోరు మోటారు వేసి లాగిస్తాం. పనికి ఒంగోలు వెళ్తే అక్కడ కుళాయి రోజూ రాదు, "నీళ్లు మీరే తెచ్చుకుంటారా?" అన్నదే ఇంటివాళ్ల మొదటి మాట. ఆటోలో 500 లీటర్ల డ్రమ్ము పెట్టుకుని వెళ్తాం. అలా డ్రమ్ములోంచి సొంతంగా నీళ్లు పీల్చుకునే మెషినే కొనండి. నీళ్లు లేకుండా పంపు తిరిగితే లోపలి సీళ్లు పోతాయి. ఇక చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేసిన ఇళ్లు ఆ పక్క చాలా ఉన్నాయి. ఉప్పు బోరు నీళ్లతో కడిగి ఎండకు వదిలేస్తే ఆ నల్లరాయి మీద తెల్ల గార మరకలు పడి, బంగారు చుక్కలే కనపడవు. ఎండెక్కకముందే కడిగి, వెంటనే వైపర్ లాగి గుడ్డతో తుడవాలి.

వైరు దగ్గర కక్కుర్తి పడొద్దు. 2 కిలోవాట్ల మెషిన్‌కి 16 ఆంప్స్ ప్లగ్గు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఉండాలి. తడి నేల మీద పని, కాబట్టి లైన్లో ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని ఇంట్లో మేము స్విచ్ వేయం.

మీ దగ్గర పది వేలే ఉంటే ఇప్పుడేమీ కొనకండి. ఈ డిసెంబరులో మాకు ఇంకో మనిషి కావాలి, రోజుకు 700 ఇస్తాం, మధ్యాహ్నం భోజనం మాదే. సంక్రాంతి దాకా మాతో తిరిగి, గన్ను మీ చేత్తో పట్టి చూసి, తర్వాత కొనుక్కోండి. వస్తానంటే చెప్పండి.