జైల్లో పని నేర్పాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాను. రిటైరయ్యాక పొద్దు గడవట్లేదు, ఇన్నేళ్లు ఐటీఐలో చెప్పిన ఎలక్ట్రికల్ పనే ఖైదీలకు నేర్పితే మిగిలిన బతుక్కి ఒక అర్థం ఉంటుందేమో అన్నావు. వెళ్లు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కాకపోతే వాళ్లని బాగుచేసేద్దామని మాత్రం వెళ్లకు. నీతులు చెప్పేవాళ్లు అక్కడికి చాలామందే వస్తారు, కాలిపోయిన మోటారుకి కొత్త తీగ చుట్టడం, అదే వైండింగ్, నేర్పేవాళ్లే తక్కువ.

జైలంటే అందరూ శిక్ష పడ్డవాళ్లే అనుకుంటాం. 2022 జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. కఠిన శిక్ష పడినవాళ్లు పని చేసి తీరాలి, దానికి కూలీ ఇస్తారు. విచారణలో ఉన్నవాళ్లకి ఆ బలవంతం లేదు, ఇష్టమైతేనే వస్తారు. ఇవాళ ముందు వరసలో కూర్చున్నవాడు రేపు వాయిదాకి కోర్టుకి పోతాడు, ఎల్లుండి బెయిలొచ్చి ఇంటికే పోతాడు, అది సంతోషించాల్సిన విషయమే గానీ నీ ఆరు నెలల సిలబస్ మాత్రం గాల్లో కలిసిపోతుంది. అందుకని వాళ్లకి ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తయ్యేలా చెప్పు. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే కెపాసిటర్ చూడటం ఒక రోజు, మిక్సీ బ్రష్‌లు మార్చడం ఇంకో రోజు. మధ్యలో వెళ్లిపోయినా చేతిలో ఏదో ఒక పని ఉంటుంది.

వైండింగ్ మాత్రం చాలాకాలం ఉండేవాళ్లకే పెట్టు. కాలిపోయిన మోటారు చేతికి రాగానే పాత కాయిల్ కోసి లాగేయాలని అందరికీ తొందర. కోయకముందే తీగ కూర్చునే గాళ్లు (స్లాట్లు) ఎన్ని, ఒక్కో కాయిల్‌కి చుట్లెన్ని, తీగ మందం (గేజ్) ఎంత, కనెక్షన్ ఎటు వెళ్లింది, అన్నీ కాగితం మీద పడాల్సిందేనని పట్టుబట్టు. రాయడం రానివాడిని చదువుకున్నవాడి పక్కన కూర్చోబెట్టు. వీడు లెక్కపెడతాడు, వాడు రాస్తాడు. చుట్టడం అయ్యాక స్విచ్ వేసే పని వాళ్లకే వదిలెయ్. ఎన్నేళ్లుగానో ఎవరూ తనని నమ్మి ఏ పనీ అప్పజెప్పని మనిషి, తను చుట్టిన మోటారు తిరుగుతుంటే ఎలా చూస్తాడో నీకే తెలుస్తుంది. నువ్వడిగిన అర్థమేదో నాకు దొరికింది అక్కడే.

నేను వైండింగ్ అని అంతగా చెప్పడానికి కారణముంది. బేకరీ, ఫినాయిల్, ఫర్నిచర్ లాంటివి లోపల బాగానే నడుస్తాయి, బయటికొచ్చి పెట్టాలంటే పెట్టుబడి కావాలి, ఉద్యోగానికెళ్తే పోలీస్ వెరిఫికేషన్ అంటారు. అదే ఎండాకాలంలో లో వోల్టేజీకి బోరు మోటారు కాలిపోయిన రైతు, చుట్టేవాడి పాత కేసు గురించి అడగడు. పంట ఎండిపోకముందు మోటారు తిరిగితే చాలు. (ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అంటే కరెంటు తక్కువ తినే కొత్త రకం ఫ్యాన్లు వచ్చేశాయి, వాటిలో సర్క్యూట్ బోర్డు ఉంటుంది కాబట్టి దాని రిపేరు కూడా నేర్పు. మన పాత నోట్సుతో సరిపెట్టకు.)

సర్టిఫికెట్ సంగతి మొదట్లోనే తేల్చుకో. శిక్షణ ఇచ్చిన సంస్థ పేరుండాలి గానీ జైలు పేరు కనిపించకూడదు, కనిపిస్తే వాడు దాన్ని ఎక్కడా బయటికి తీయలేడు.

ఇక జాగ్రత్తలు. కేసేంటని అడగొద్దు, వాళ్లంతట వాళ్లు చెబితే విను. "సార్, ఈ చీటీ మా అమ్మకి ఇవ్వండి" అని బతిమాలతారు, ఎంత జాలేసినా తీసుకోకు. 1894 జైళ్ల చట్టం 42వ సెక్షన్ కింద నీకే ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. క్లాసు అయ్యాక స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్లు వార్డర్ ముందే లెక్కపెట్టి అప్పగించు. ఒక్కటి తగ్గినా తిప్పలు పడేది నువ్వు కాదు, ఖైదీలు. షెడ్డు ఊడ్చే పని వంతులవారీగా పెట్టు, కులాన్ని బట్టి జైల్లో పనులు పంచకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కూడా.

తనిఖీలనో ఇంకేదో అనో కొన్ని రోజులు గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపిస్తారు. మనసులో పెట్టుకోకు, మరుసటి వారం మళ్లీ వెళ్లు.

సూపరింటెండెంట్‌కి ఇచ్చే అర్జీలో ఏం నేర్పుతావు, ఏ సామాను కావాలి, వారానికి ఎన్ని గంటలు, ఇవి మూడూ స్పష్టంగా రాయి. సేవ, సంస్కరణ లాంటి పెద్ద మాటలు అక్కర్లేదు. ఇచ్చేముందు ఒకసారి నాకు పంపు, నా దగ్గరున్న వైండింగ్ చార్టులు కూడా కట్టగట్టి పంపిస్తాను.

నీ అన్న