నాన్న తెలుగు మానేసి ‘పానీ’ అంటున్నారు

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు, డ్యూటీలో హిందీ. మూడు నెలల కిందట స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఇప్పుడిప్పుడే కొంచెం మాట్లాడుతున్నారు. కానీ అమ్మను మంచినీళ్లు అడగాలన్నా ‘పానీ’ అంటున్నారు, అమ్మకేమో హిందీ అంతంతమాత్రం. ఇక ఇంట్లో హిందీ వినపడనివ్వొద్దని బంధువులు పట్టుబడుతున్నారు. రెండు భాషలు వచ్చినవాళ్లు స్ట్రోక్ నుంచి బాగా కోలుకుంటారని మన హైదరాబాద్‌లోనే తేల్చారని ఎక్కడో చదివాను. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: బంధువుల మాట పక్కన పెట్టండి. మీరు చదివింది నిజమే, కాకపోతే సగమే చదివారు.

ఆ పరిశోధన చేసింది న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం. అప్పట్లో ఆవిడ హైదరాబాద్ నిమ్స్‌లో ఉండేవారు, తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు. నిమ్స్‌కు వచ్చిన 608 మంది స్ట్రోక్ పేషెంట్ల వివరాలు తీసుకుని, ఒకే భాష వచ్చినవాళ్లు ఎలా ఉన్నారు, రెండు అంతకంటే ఎక్కువ వచ్చినవాళ్లు ఎలా ఉన్నారు అని పోల్చి చూశారు. జ్ఞాపకం, ఏకాగ్రత, ఒక పనిని పద్ధతి ప్రకారం చేసుకోగలగడం లాంటివి స్ట్రోక్ తర్వాత కూడా మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒకే భాషవాళ్లలో 19.6 శాతం. అంటే రెట్టింపు. చదువుకున్నవాళ్లకు ఎలాగూ రెండు మూడు భాషలు వస్తాయి కదా, ఇది చదువు మహిమేమో అని నాకూ అనుమానం వచ్చింది కానీ, చదువు, వయసు, బీపీ లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా నిలబడింది.

ఇక రెండో సగం. మాట పోవడం, అంటే డాక్టర్లు అఫేజియా అనేది, రెండు గుంపుల్లోనూ దాదాపు సమానంగానే ఉంది: ఒకే భాషవాళ్లలో 11.8 శాతం, మిగతావాళ్లలో 10.5. హెడ్డింగులు పెట్టేవాళ్లకు ఈ ముక్క ఎందుకో కనపడదు. ఎడమవైపు మెదడులో మాటకు సంబంధించిన చోట రక్తం అందకపోతే మాట దెబ్బతింటుంది, ఎన్ని భాషలు వచ్చినా సరే. జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివాటిలో లాభం వచ్చింది భాషల లెక్క వల్ల కాదని, రోజంతా ఎదుటి మనిషిని బట్టి ఒక భాషను ఆపి ఇంకోదాన్ని అందుకునే అలవాటు వల్ల అని ఆ పరిశోధకుల అభిప్రాయం. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఒకే వీధిలో వినపడే హైదరాబాద్‌లో అది అందరూ చేసేదే, రెండో భాష పెద్దగా వాడని ఊళ్లలో ఇంత తేడా కనిపించకపోవచ్చని కూడా వాళ్లే చెప్పారు.

మీ నాన్నగారి విషయానికొస్తే, రెండు భాషలూ దెబ్బతిన్నప్పుడు ఎక్కువమందిలో రెండూ కలిసే తిరిగొస్తాయి. కొందరిలో మాత్రం ఒకటి ముందు, ఒకటి వెనక. పుట్టి పెరిగిన భాషే ముందు రావాలన్న రూలేమీ లేదు, ఎన్నో ఏళ్లు డ్యూటీలో వాడిన హిందీ ముందు అందడంలో వింత లేదు. ‘పానీ’ అన్నప్పుడు ‘తెలుగులో చెప్పండి’ అని నిలదీయకుండా ముందు నీళ్లివ్వండి, ఇస్తూ ‘ఇవిగో మంచినీళ్లు’ అనండి, చాలు. ఆ ఒక్క మాట కూడా నోరు తిరగనివ్వకుండా చేస్తే మనిషి మాట్లాడటమే మానేస్తారు, అది మరీ కష్టం.

ప్రశ్న: ఇంకో సంగతి. ఈరోజు ఏ వారం అంటే చెప్పలేరు. నేను ‘ఆదివారం, సోమవారం’ అని మొదలుపెడితే శనివారం దాకా గడగడా చెప్పేస్తారు. కావాలనే చేస్తున్నారని అమ్మకు కోపం.

జవాబు: కావాలని కాదు, అమ్మగారికి గట్టిగా చెప్పండి. వారాల పేర్లు, ఒకట్లు, చిన్నప్పటి పద్యాలు, పాటలు, ఆఖరికి తిట్లు కూడా వరసలో నోటికొచ్చేస్తాయి. వాటి కోసం మాట వెతుక్కోనక్కర్లేదు. ‘ఈరోజు గురువారం’ అనాలంటే ఏడింట్లోంచి ఒకదాన్ని ఏరాలి, చిక్కంతా అక్కడే. ఈ తేడాను పట్టుకునే 1973లో అమెరికాలోని బోస్టన్‌లో రాగం తీస్తూ, ఎడమ చేత్తో తాళం వేయిస్తూ మాటలు పలికించే థెరపీ మొదలైంది. అందరికీ పనిచెయ్యదు, మాట అర్థమవుతూ, నోట మాత్రం రానివాళ్లకు ఎక్కువ ఉపయోగం.

మొదటి నెలల్లో మార్పు తొందరగా వస్తుంది కాబట్టి స్పీచ్ థెరపీ వాయిదా వెయ్యకండి. ఆ తర్వాత నెమ్మదిస్తుందే గానీ ఆగిపోదు. మీ పక్కనుంచి చెయ్యాల్సింది: టీవీ కట్టేసి ఎదురుగా కూర్చోండి, ‘ఏం తింటారు’ అనకుండా ‘ఇడ్లీనా, ఉప్మానా’ అని అడిగి కాసేపు ఆగండి, మాట మీరు అందించెయ్యొద్దు. తెలుగు, హిందీ రెండూ తెలిసిన థెరపిస్ట్ దొరికితే సరే సరి, లేకపోతే ఆయన హిందీలో చెప్పింది కూడా సరైన జవాబేనని థెరపిస్టుకు చెప్పడానికి మీరు పక్కన ఉండండి.